పులిహోర పొట్లాలు కట్టిన చేతులెవరివి?

'నాకు 57 ఏళ్లు. భీమిలిలో 26 ఏళ్లుగా పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతున్నాను. మిగతా సమయమంతా సేవకే. నా దగ్గర 11 ఏళ్లు నేర్చుకున్న శిష్యురాలు రెండు వీధుల అవతల సొంతంగా క్లాసు పెట్టింది. తొమ్మిదిమంది పిల్లలు అటు వెళ్లిపోయారు. పెద్దలు వద్దన్నా వినకుండా వరాళి రాగంలోని త్యాగరాజ పంచరత్న కీర్తన ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాను, అందుకే దూరమైందా? ఫీజు తగ్గించాలా? సేవ మానేసి క్లాసు చూసుకోవాలా?' (ఒక సంగీతం టీచరు, భీమిలి)

అమ్మా, మీరడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. ఫీజు తగ్గించకండి. మీ దగ్గర కూర్చుని నేర్చుకున్న పిల్ల నలుగురికి చెప్పే స్థాయికి వచ్చిందంటే అది మీ చదువే. ఆ పిల్లతో పోటీకి దిగితే చిన్నతనం మీకే. ఇక వరాళి. గురువు ముఖాముఖి నేర్పితే ఎడబాటు వస్తుందన్న నమ్మకం నేనూ విన్నాను. ఏటా త్యాగరాజ ఆరాధనకు, పుష్య బహుళ పంచమినాడు ఊరూరా నాట నుంచి శ్రీరాగం దాకా అయిదు పంచరత్నాలూ గుంపుగా పాడుతున్నారు కదా, వాళ్లందరికీ గురువులు దూరమైపోయారా? రాగం మీద నింద వేయకండి.

నన్ను పట్టుకున్నది మీ ఉత్తరం మూడో పేజీ. 'మా వదిన ఇంట్లోనే ఉంటుంది కాబట్టి నాకు వంట దిగులు లేదు' అని రాశారు. నాలుగు పేజీల ఉత్తరంలో ఆవిడ గురించి ఉన్నవి ఆరేడు వాక్యాలు. వాటినే మళ్లీ మళ్లీ చదివాను.

మీవారి అక్కగారు. భర్త పోయాక 19 ఏళ్ల కిందట పుట్టింటికి వచ్చారు. సింహాచలం గిరి ప్రదక్షిణకు హనుమంతవాక దగ్గర 'మేము 300 పులిహోర పొట్లాలు పంచాం' అన్నారు. 32 కిలోమీటర్లు నడిచేవాళ్ల చేతిలో పొట్లం పెట్టడం పుణ్యమే. కానీ ముందురోజు రాత్రి పాతిక కిలోల బియ్యం వార్చి, చింతపండు పిసికి గుజ్జు తీసి, పోపు పెట్టి, పెద్ద పళ్లేల్లో ఆరబోసి కలిపిందెవరు? అది మీరు రాయలేదు. 2014 హుద్‌హుద్ తుపాను తరవాత కరెంటు లేని రోజుల్లో మీ వాకిట్లో కట్టెల పొయ్యి వెలిగించి జాలర్ల పిల్లలకు అన్నం పెట్టామన్నారు. ఆ పొయ్యి దగ్గర ఎవరున్నారో కూడా రాయలేదు. రాయకపోయినా నాకు తెలిసింది.

మా మేనత్త మా ఇంట్లో ఇలాగే ఉండేది. పండగ పండక్కీ చీర పెట్టేవాళ్లం. ఆవిడ పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే అందులో సగం చీరలు మడత విప్పకుండా ఉన్నాయి. కట్టుకుని ఎక్కడికి వెళుతుంది? మేం ఎక్కడికి తీసుకెళ్లాం? ఆ పెట్టె నేను ఈనాటికీ మరిచిపోలేదు, అందుకే మీతో కాస్త గట్టిగా మాట్లాడుతున్నాను.

'ఆవిడకు ఆశ్రయం ఇచ్చాం' అని రాశారు. ఆ మాట నాకు కష్టంగా తోచింది. ఆ ఇల్లు మీ మామగారు సొంత సంపాదనతో కట్టారనీ, వీలునామా రాయకుండా పోయారనీ మీరే చెప్పారు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. ఆవిడ కోర్టుకెక్కాలని నేను అనడం లేదు. తన ఇంట్లో తానుంటున్న మనిషికి మీరు ఆశ్రయం ఇవ్వలేరని మాత్రం అంటున్నాను. ఈ మాట మీవారికీ చదివి వినిపించండి. తోబుట్టువు విషయంలో ఆయన చేయవలసింది ఇంకా ఎక్కువే ఉంది.

ఇంకో వాక్యం చిరాకుగా రాశారు. పిల్లలు మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే మొదటి పాఠాలు, పాడుతుంటే వదిన వంటింట్లోంచి 'గాంధారం దిగిపోతోందే!' అని కేకేస్తుందట, అంటే 'గ' స్వరం శ్రుతి తగ్గిందని. మీకది క్లాసులో తలదూర్చడంలా అనిపించింది. అమ్మా, కుక్కరు కూతలో, పోపు చిటపటలో కూడా ఆ అంతర గాంధారం కిందికి జారిందని పట్టుకునే చెవి ఎంతమందికి ఉంటుంది? పెళ్లికి ముందు ఆవిడ వర్ణాల దాకా నేర్చుకుందని ఆ పక్క వాక్యంలోనే రాశారు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా చాప మీద మీ పక్కన కూర్చోమన్నారా?

మీ శిష్యురాలు సంక్రాంతికి వచ్చి మీకు దండం పెట్టి, చీర మాత్రం వదినగారి చేతిలో పెట్టి వెళ్లిందని బాధపడ్డారు. 11 ఏళ్లపాటు స్కూలు నుంచి ఆకలితో నేరుగా మీ ఇంటికి వచ్చిన పిల్ల అది. మీరు స్వరం పెట్టారు, ఆవిడ ఉప్మా పెట్టింది. ఆ పిల్ల రెండూ గుర్తుంచుకుంది. మీరు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

సేవ మానొద్దు. వదినగారికి నడుంనొప్పి అని మీరే రాశారు కాబట్టి, ఈ ఏడు పులిహోర వంటమనిషికి చెప్పి చేయించండి, ఖర్చు చందాల్లోంచి తీయండి. ఆవిడకు ఓపికుంటే పొట్లం పంచే వరసలో మీ పక్కన నిలబడతారు. మొదటి పాఠాల పిల్లల్ని ఆవిడకు అప్పగించే సంగతి అడగండి, ఒప్పుకుంటే వాళ్ల ఫీజు ఆవిడ చేతికే ఇవ్వండి. ఇంటి ఖర్చులో కలపొద్దు. ఆవిడ 'నాకెందుకమ్మా ఇవన్నీ' అంటారు, ఆ తరం ఆడవాళ్లు ముందు అలాగే అంటారు. ఒక్కసారి అడిగి ఊరుకోకండి.

రేపు సాయంత్రం పిల్లలు రాకముందే కాఫీ మీరు కలిపి ఆవిడకివ్వండి. శ్రుతిపెట్టె వేసి, ఆ గాంధారం ఎక్కడ జారుతోందో పాడి చూపించమనండి.