మంచం కింద తొమ్మిది కిలోల ఊలు

ప్రశ్న: మాది కాకినాడ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 24,000. సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెబితే ఇంకో 3,000 వస్తాయి. ఎనిమిది నెలల కిందట క్రోషే (కొక్కెం లాంటి హుక్కుతో అల్లిక) నేర్చుకుని స్నేహితుల పుట్టినరోజులకి, సీమంతాలకి చిన్న చిన్న కుందేళ్లు, ఎలుగుబంట్లు అల్లి ఇస్తున్నాను. ఇప్పటికి 16 ఇచ్చాను. కొనే గిఫ్టుల కంటే చవకే కదా అని నేను, దండగ అని మావారు. ఇంత బాగా చేస్తున్నావు, అమ్మొచ్చు కదా అని అందరూ అంటున్నారు. ట్యూషన్ మానేసి, క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద 12,000 పెట్టి ఊలు ఒకేసారి తెప్పించి మొదలుపెట్టనా?

జవాబు: ఉత్తరంతో పాటు, ఊలు కొన్న ఆర్డర్ల లెక్క దాచకుండా మొత్తం పంపారు చూడండి, అందుకు ముందు మెచ్చుకోవాలి, ఎందుకంటే నా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది సరదా ఖర్చుల దగ్గరికి వచ్చేసరికి "ఏదో కొంచెం అవుతుందండీ" అని దాటేస్తారు. మీ లెక్క ప్రకారం ఎనిమిది నెలల్లో 14,400 ఖర్చయింది. ఇచ్చిన బొమ్మలు 16. అంటే ఒక్కో బొమ్మ 900 రూపాయలు పడింది.

మీరు ఒప్పుకోరని తెలుసు. అరచేతిలో పట్టే కుందేలుకి 60 గ్రాముల ఊలు, లోపల కూరడానికి గుప్పెడు ఫైబర్, ఒక జత నల్ల కళ్లు, అన్నీ కలిపి 90 దాటదు అంటారు. నిజమే, దాటదు. ఆ లెక్కన 16 బొమ్మలకి 1,440 కావాలి. మరి మిగతా 13 వేలు ఏవి? హుక్కుల సెట్టు, ప్యాటర్న్‌లు, కొరియర్ కలిపి మూడు వేల దాకా తీసేయండి. మిగిలిన పదివేలు మీ మంచం కింద రెండు బుట్టల్లోనూ, బీరువా పై అరలోనూ ఊలు ఉండలై కూర్చున్నాయి. వంద గ్రాములు 110 చొప్పున అది దాదాపు తొమ్మిది కిలోలు, అంటే ఇంకో 150 బొమ్మలు. ఇప్పుడు మీరు అల్లే వేగం నెలకి రెండు. ఆరేళ్లు పడుతుంది!

కాబట్టి మీవారితో గొడవలో మీరు సగం, ఆయన సగం గెలిచారు. బొమ్మలు అల్లి ఇవ్వడం దండగ కాదు, సీమంతానికి వెళ్తూ 500 పెట్టి ఏదో ఫొటో ఫ్రేము కొనేకంటే మీ కుందేలే నయం, చవక కూడా. డబ్బు పోతున్నది రాత్రి పదకొండింటికి ఫోన్లో కొత్త రంగు కనబడగానే నొక్కే ఆర్డర్ దగ్గర. ఊలు కొనడం వేరు, అల్లడం వేరు, రెండూ ఒకే సరదా అనుకుంటాం. (నేను చెప్పకూడదు, మా ఇంట్లో గాలం వేయడానికి మూడు కర్రలున్నాయి, చేప మాత్రం బజారు నుంచే వస్తుంది.)

ఇక అమ్మకం. బొమ్మ 450 అనుకుందాం. సరుకు 90, ప్యాకింగ్ 25 తీసేస్తే మిగిలేది 335. ఒక్కో దానికి ఏడు గంటలు పడుతోందని మీరే రాశారు, చెవులు కుట్టడానికే గంటన్నరట. గంటకి 48 రూపాయలు పడింది. ట్యూషన్‌లో నెలకి 22 గంటలకి 3,000, అంటే గంటకి 136. దాన్ని మానేసి దీనికి రావడం ఏ రకంగా చూసినా నష్టమే. పైగా "అమ్మొచ్చు కదా" అన్న పదహారు మందీ బొమ్మ ఉచితంగా అందుకున్నవాళ్లు! వాళ్లలో ఒక్కరైనా 450 చేతిలో పెట్టి ఇంకోటి అల్లమని అడిగారా? అడిగేదాకా అది పొగడ్తే, ఆర్డర్ కాదు.

మా అమ్మమ్మది నరసాపురం పక్క పల్లె. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, ఆవిడ అరుగు మీద కూర్చుని చూడకుండానే లేసు అల్లేది, కూలి ముక్కల లెక్కన వచ్చేది. అక్కడి క్రోషే లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. చేయి తిరిగినవాళ్లకి ఆ ప్రాంతంలో ఎప్పుడూ కొదవ లేదు, తమ గంటకి తగిన రేటు రాబట్టుకోగలిగిన వాళ్లే తక్కువ. అందుకే ఈ గంటల లెక్క దగ్గర నేను కొంచెం మొండిగా ఉంటాను.

అయినా సరే అమ్మి చూడాలనిపిస్తే ఇంకో సంగతి తెలుసుకోండి. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలు అమ్మాలంటే 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర ఉండాలి. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు సొంతంగా చేసి అమ్మే వాటికి మినహాయింపు ఉంది, కాబట్టి ముందు అక్కడ కళాకారిణిగా నమోదుకి దరఖాస్తు పెట్టుకోండి. లేదంటే కీచైన్లు, కారు అద్దానికి వేలాడదీసేవి లాంటి పెద్దవాళ్ల సరుకుతో మొదలుపెట్టండి. స్నేహితుల పసిపిల్లలకి ఇచ్చేవాటికి మాత్రం ప్లాస్టిక్ కళ్లు వద్దు, నల్లదారంతో కుట్టేయండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. ఐటీ రిటర్ను వేసేటప్పుడు, అమ్మిన డబ్బు ఎంత చిన్నదైనా అందులో జీతంతో పాటు వ్యాపార ఆదాయంగా చూపించాలి.

ఈఎంఐ మీద ఊలు అస్సలు వద్దు. ఒక్క వాయిదా తప్పి బాకీ కార్డు మీద ఉండిపోతే చాలా కార్డుల్లో వడ్డీ నెలకే మూడు శాతం దాటుతుంది. 450 బొమ్మకి ఆ వడ్డీ మోసే శక్తి లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఈ గిఫ్టు బొమ్మలకి నెలకి 500 పెట్టుకోండి, అందులో ఫైబర్, కళ్లు, కొరియర్ మాత్రమే, బుట్టలు రెండూ ఖాళీ అయ్యేదాకా కొత్త ఊలు లేదు. ఇప్పటిదాకా నెలకి సగటున 1,800 పోతోంది కదా, మిగిలిన 1,300 జీతం పడిన మర్నాడే బ్యాంకు ఆర్డీలోకి (నెలనెలా కట్టే డిపాజిట్) వెళ్లిపోవాలి. మీ ఉత్తరంలో చీటీ ఉంది, బంగారం స్కీము ఉంది, హాస్పిటల్ అవసరం వస్తే రేపటికి రేపు తీయగలిగిన డబ్బు ఎక్కడా లేదు. ఏడాదికి అసలే 15,600 అవుతుంది, మొదటి మెట్టుకి చాలు.

ఈ ఆదివారం ఊలంతా మంచం మీద పోసి రంగుల వారీగా లెక్కపెట్టి రాసుకోండి. పాలరంగు మాత్రం ఎవరెంత తగ్గింపు ఇచ్చినా కొనకండి, మీరు పంపిన ఆర్డర్లలోనే అవి పదకొండు ఉండలున్నాయి.