సైన్స్ ఫిక్షన్ నవలను సిరీస్‌గా రాయబోతున్న మేనకోడలికి

హనుమకొండ

బిడ్డా స్రవంతీ,

నువ్వు పంపిన నవల చదివాను. రెండు వందల ఏళ్ల కథ, మూడు గ్రహాలు, లెక్కలేనంతమంది మనుషులు. ఇదంతా ఎనిమిది ఎపిసోడ్లలో ఎట్లా పట్టించాలని టెన్షన్ పడుతున్నావు. పట్టించాలని చూడకు. నవల ఏ ప్రశ్న చుట్టూ తిరుగుతోందో ముందు ఒక్క వాక్యంలో రాసుకో. ఒక్కో ఘట్టాన్ని ఒక్కో కార్డు మీద రాసి ఆ వాక్యం పక్కన పెట్టి చూడు. దానికి సాయపడని ఘట్టం ఎంత అందంగా ఉన్నా తీసెయ్. ఏడుపొస్తుంది, అయినా తీసెయ్.

నిన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది కాలం. ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్' 1940లలో పత్రికలో విడివిడి కథలుగా మొదలైంది. ఒక కథకూ ఇంకో కథకూ మధ్య ఏళ్లకేళ్లు గడిచిపోతాయి, పాతవాళ్లు చచ్చిపోతారు. చదివేవాళ్లు ఆలోచన వెంట నడుస్తారు కాబట్టి పుస్తకంలో అది చెల్లింది. టీవీ ముందు కూర్చున్నవాళ్లు మనుషుల వెంట నడుస్తారు. 2021లో ఆపిల్ టీవీ ప్లస్‌లో వచ్చిన సిరీస్‌ వాళ్లు దీనికి మంచి ఉపాయం కనిపెట్టారు. అందులో చక్రవర్తి క్లియాన్ క్లోన్లే తరతరాలుగా ఏలుతుంటారు. ఎప్పుడు చూసినా ముగ్గురుంటారు, ఒక పిల్లవాడు, ఒక నడివయసువాడు, ఒక ముసలాయన. ఈ క్లోన్ల వంశం పుస్తకంలో లేదు. అయినా నా లెక్కలో అది నవలకు ద్రోహం కాదు. సామ్రాజ్యం కూలక తప్పదని అసిమోవ్ గణితంతో చెప్పించాడు. వీళ్లు ఆ సామ్రాజ్యం మొండితనానికి ఒక ముఖం ఇచ్చారు. వందేళ్లు దాటినా ఆ ముఖం మారదు. నీ కథలోనూ తరాలు దాటి నిలిచేదేదో వెతుకు. మనిషే కానక్కర్లేదు, ఒక ఇల్లయినా, ఒక యంత్రమైనా చాలు.

ఇక సైన్స్. ఇద్దరు శాస్త్రవేత్తలు తమకు ముందే తెలిసిన సంగతిని మనకోసం ఒకరికొకరు చెప్పుకునే సీన్ మాత్రం రాయకు. లియు సిషిన్ 'త్రీ బాడీ ప్రాబ్లమ్' నవలలో మూడు కోట్ల మంది సైనికులు నలుపు, తెలుపు జెండాలు ఎత్తుతూ ఒక కంప్యూటర్‌లా పనిచేస్తారు. ఇద్దరూ నల్లజెండా ఎత్తితేనే మూడోవాడు నల్లజెండా ఎత్తుతాడు. కంప్యూటర్ లెక్కలకు మూలమైన లాజిక్ గేట్ పేరు విననివాళ్లకు కూడా అది చూడగానే అర్థమవుతుంది. ఆ నవలనే చైనాలో టెన్సెంట్ 2023లో 30 ఎపిసోడ్లుగా తీసింది, నెట్‌ఫ్లిక్స్ 2024లో ఎనిమిదింటిలో మొదలుపెట్టింది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ఒక్క శాస్త్రవేత్త స్థానంలో అయిదుగురు స్నేహితులను పెట్టారు. పుస్తకంలో మనసులో నడిచే ఆలోచన తెర మీద మాటగా రావాలంటే ఎదురుగా వినేవాళ్లు కావాలి కదా. నీవీ ఎనిమిదే, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

నీ లోకం నియమాలు ఒక పేజీలో రాసి పెట్టుకో, మళ్లీ మీరకు. ఆ నియమాలు మనుషుల ఒంటికి తగలాలి. నవలల నుంచే తీసిన 'ది ఎక్స్‌పాన్స్' సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో, తక్కువ గురుత్వాకర్షణలో పెరిగిన ఖైదీకి భూమి మీద వేలాడటమే చిత్రహింస. ఒక్క ముక్క వివరణ లేకుండానే అతని బాధ మనకు తెలిసిపోతుంది. విచారణ చేసే అవసరాల అనే నాయకురాలు నవలల్లో రెండో పుస్తకంలో గానీ రాదు. భూమి వైపు రాజకీయం మొదటినుంచీ కావాలని సిరీస్‌లో ముందుకు తెచ్చారు. మూల రచయితలిద్దరూ ఆ రాతలో ఉన్నారు. నువ్వూ ఇట్లాంటి మార్పులకు భయపడకు.

మొదటి ఎపిసోడ్‌లో లోకం మొత్తం చూపించాలన్న ఆత్రం వద్దు. చుట్టగా చుట్టిన చేర్యాల బొమ్మల పటం చూపిస్తూ కథ చెప్పే కథకుడు కథ ఎంతవరకు వస్తే అంతే విప్పుతాడు.

నవల రాసినాయన వారసులు కాజీపేటలోనే ఉన్నారన్నావు. రచయిత పోయాక కూడా 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి, కాబట్టి నోటిమాట మీద పని మొదలుపెట్టకు. హక్కులు రాసివ్వడం కాగితం మీదే జరగాలి. గడువు రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది, ఎక్కడెక్కడికో రాయకపోతే మన దేశం వరకే అనుకుంటుంది. ఓటీటీ అంటే అన్ని దేశాల్లో చూస్తారు, అందుకని ఆ రెండూ తప్పకుండా రాయించు. సంతకాల ముందు లాయర్‌కు చూపించు. దసరాకు వచ్చేటప్పుడు కార్డులు తీసుకురా, కలిసి సర్దుదాం.

మీ మామ