కొత్త క్రూజ్ షిప్ నామకరణానికి టికెట్ కొని వెళ్ళొచ్చా? సీసా పగలకపోతే అపశకునమా?

వెళ్ళొచ్చు. కానీ మీరు చూడాలనుకునేది పేరు పెట్టేటప్పుడు ఓడ ముక్కుకి కొట్టే షాంపేన్ సీసా పగలడమే అయితే టికెట్ దండగ. జనాన్ని రానిచ్చే రేవయితే గట్టు మీద నిలబడి డబ్బులు పెట్టకుండానే చూడొచ్చు.

ముందుగా జలప్రవేశం వేరు, నామకరణం వేరు. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ 'జల ఉష' ఓడను సముద్రంలోకి వదిలిన రోజుల్లో ఓడ వాలు మీంచి జారి నీళ్ళలో పడేది, జనం చప్పట్లు కొట్టేవారు. ఇప్పటి క్రూజ్ షిప్పులు జారవు. నీళ్ళు లేని గొయ్యి లాంటి డ్రై డాక్‌లో కట్టి, గేట్లు తెరిచి నీళ్ళు వదిలితే లేచి తేలతాయి. తర్వాత నెలల తరబడి లోపలి పనులు, సముద్రంలో పరీక్షలు, కంపెనీకి అప్పగింత. నామకరణం ఆఖర్న, ఒక్కోసారి ప్రయాణికులను తిప్పడం మొదలెట్టాక. 'క్వీన్ ఆన్' అనే క్రూజ్ షిప్పు 2024 మే 3న తొలి ప్రయాణానికి బయల్దేరింది, పేరు పెట్టింది జూన్ 3న, లివర్‌పూల్లో. అప్పుడు ఓడలో ఉన్నవాళ్ళు బ్రిటన్ చుట్టూ తిరిగే ప్రయాణానికి టికెట్ కొన్నవాళ్ళు. ఊరి జనం నది ఒడ్డున పియర్ హెడ్ దగ్గర నిలబడి చూశారు, ఇటలీ గాయకుడు బొచెల్లి పాట కూడా విన్నారు.

ఆహ్వానం మీద వెళ్ళేవాళ్ళను చాలాసార్లు ఓడ లోపలి థియేటర్లో కూర్చోబెడతారు. సీసా ఉండేది ముక్కు దగ్గర, బయట. అంటే అంత దూరం వెళ్ళి, సూటు వేసుకుని, తెర మీద చూసి చప్పట్లు కొట్టడం! అది ఇంట్లో ఫోన్లోనూ చూడొచ్చు. పిలుపు వస్తే కార్యక్రమం ఎక్కడో ముందే అడగండి: థియేటరా, జెట్టీ మీద వేదికా? జెట్టీ అయితే గాలికి ఆగే కోటు తప్పనిసరి.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వాళ్ళకి అసలు చిక్కు పేరుతోనే. ఇచ్ఛాపురంలో ఇంటిపేరు ముందు రాస్తాం, బరంపురంలో స్థిరపడిన అదే కుటుంబం వాళ్ళు చివర రాస్తారు. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీ. అతిథుల జాబితా ముందే రేవు భద్రతా సిబ్బందికి వెళ్తుంది, దానిలో పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం కలవకపోతే గేటు దగ్గరే ఆపేయొచ్చు. అందుకని కంపెనీకి పేరు టైపు చేసి పంపకండి, పాస్‌పోర్టు పేజీ స్కాన్ పంపండి. వేడుక మయామీలో అయితే అమెరికా వీసాకి శ్రీకాకుళం వాళ్ళయినా గంజాం వాళ్ళయినా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వస్తారు. వేడుక తేదీ కోసం ఇంటర్వ్యూ తేదీ ఆగదు, ముందే చూసుకోండి.

ఇక సీసా. షాంపేన్ సీసా లోపల దాదాపు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది, కారు టైరుకి సుమారు మూడింతలు. అది ఓర్చుకోవాలని గాజును మందంగా పోస్తారు, కాబట్టి ఊరికే తగిలితే పగలదు. తెలిసినవాళ్ళు ముందుగా గాజు కోసే పనిముట్టుతో సీసా పొట్ట చుట్టూ గీత పెడతారు. మన పూజారి కొబ్బరికాయను నడుం గీత మీద కొట్టినట్టే, బలం కన్నా గీత ముఖ్యం. తాడు పొడవు సరిచూసి సీసా మెడ కాకుండా పొట్ట తగిలేలా కట్టాలి. తగిలే చోటు పల్చటి రేకు కాకూడదు, అది స్ప్రింగులా వెనక్కి తోస్తుంది. రేకు వెనకాల ఆనుపుగా ఉక్కు ఫ్రేము ఉన్న చోటో, అంచున్న ఉక్కు ముక్కో చూసుకోవాలి. ఐసులో పెట్టి తీసిన సీసాలో ఒత్తిడి తగ్గుతుంది, అదీ ఒక తప్పే. పక్కన రెండో సీసా సిద్ధంగా ఉండాలి.

2007 డిసెంబరు 10న సౌతాంప్టన్లో 'క్వీన్ విక్టోరియా'కి పేరు పెట్టింది అప్పటి బ్రిటన్ యువరాజు చార్లెస్ భార్య కెమిల్లా, పక్కన చార్లెస్. పేరు ప్రకటించారు, సీసా ఊగుతూ వెళ్ళి ఓడకి తగిలింది, పగల్లేదు. వాయిద్యాలు, రాజ దంపతులు, వందల కెమెరాలు అన్నీ ఉండి, జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఆ సీసా. కొద్ది రోజులకే ఓడలో వాంతులు, విరేచనాల జబ్బు పాకేసరికి పత్రికలు కెమిల్లా శాపం అని రాసేశాయి. శాపమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ ఓడ తర్వాత ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది.

శకునం మాట ఎత్తగానే అందరూ 'కోస్టా కాంకోర్డియా' అనే ఇటలీ క్రూజ్ షిప్పు సంగతి చెబుతారు. అవును, 2006లో దాని సీసా పగల్లేదు. 2012లో 32 మంది చనిపోయింది మాత్రం కెప్టెన్ ఓడను ఇటలీ దగ్గరి జీలియో దీవి రాళ్ళకి మరీ దగ్గరగా తీసుకెళ్ళడం వల్ల. 'టైటానిక్'కి అసలు సీసాయే కొట్టలేదు, దాని యజమాని వైట్ స్టార్ లైన్ కంపెనీకి ఆ ఆచారం లేదు. అదే కంపెనీ కట్టించిన దాని అక్క 'ఒలింపిక్' సీసా లేకుండానే 1911 నుంచి 1935 దాకా తిరిగింది. దీనికేం చెప్తారు? డొంకూరు తీరంలో కొత్త పడవకి గంగమ్మ పూజ చేసి కాయ కొట్టి నీళ్ళలోకి తోసేవాళ్ళు, కాయ కుళ్ళిందని పడవను అమ్మేసుకోరు కదా.

ఈ శకునాల కన్నా భయపడాల్సింది వేరే ఉంది. కొత్త ఓడ నామకరణం వీడియో వస్తే చాలు, మర్నాటికే ఏదో ఒక ఏజెంటు ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టి 'కొత్త షిప్పు, వందల ఖాళీలు, అడ్వాన్సు కట్టండి' అంటాడు. ఉద్దానంలో కొబ్బరితోట తాకట్టు పెట్టి కట్టేవాళ్ళున్నారు. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం మన దేశ నిబంధనల ప్రకారం నేరం, ఫీజు ఓడ కంపెనీ ఇచ్చుకోవాలి. ఆర్‌పీఎస్‌ఎల్ (నావికులను ఉద్యోగాల్లో చేర్చే ఏజెన్సీకి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు) నంబరు అడగండి, డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వెబ్‌సైటులో ఆ నంబరు ఆ పేరు మీదే, ఆ చిరునామాతోనే, ఇంకా చెల్లుబాటులోనే ఉందో లేదో చూడండి. నంబరు చెప్పకుండా వీడియో చూపించేవాడికి టీ కూడా ఇప్పించొద్దు.