సీఆర్‌ఎఫ్ సెరటోనిన్ సంకేతాన్ని పెంచితే టెన్షన్ తగ్గాలి కదా? – సమాధానం

సెరటోనిన్ అంటే ప్రశాంతతే అనుకుని లెక్క వేశారు, అక్కడే చిక్కు వచ్చింది. సీఆర్‌ఎఫ్ (కార్టికోట్రోపిన్ రిలీజింగ్ ఫ్యాక్టర్) అనే పెప్టైడ్, అంటే ఒత్తిడి సంకేతాన్ని మోసే చిన్న ప్రోటీన్, సెరటోనిన్ సంకేతాన్ని పెంచుతూనే ఆందోళననూ ఎలా పెంచుతుందని మీ సెమినార్ ప్రశ్న. సెరటోనిన్ ఏం చేస్తుందనేది అది ఏ రిసెప్టర్‌ను (కణం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ను) తాకిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

బొమ్మ ఇలా గీయండి:

1. ఒత్తిడి వల్ల మెదడులో సీఆర్‌ఎఫ్ విడుదలవుతుంది. 41 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఇది.

2. అది సీఆర్‌ఎఫ్1 రిసెప్టర్‌కు అతుక్కుంటుంది.

3. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. అతుక్కున్నాక ఆ రిసెప్టర్ కణం లోపలికి వెళ్లిపోతుంది. తిరిగి పైకి వచ్చేటప్పుడు, లోపల ఉన్న 5-హెచ్‌టీ2 అనే ఒక రకం సెరటోనిన్ రిసెప్టర్లు కూడా పైపొరకు చేరతాయి. అంటే సెరటోనిన్ మోతాదు అంతే ఉన్నా, దాన్ని అందుకునే రిసెప్టర్లు ఎక్కువయ్యాయి. మీ బొమ్మలో బాణం సెరటోనిన్ మీదికి కాకుండా ఈ రిసెప్టర్ల మీదికి వెళ్లాలి.

4. రుజువుగా 2010 నాటి ఎలుకల ప్రయోగం చెప్పండి. మెదడు ముందుభాగపు కార్టెక్స్‌లో సీఆర్‌ఎఫ్ ఎక్కించి, ఆ తర్వాత 5-హెచ్‌టీ2ను ప్రేరేపించే మందు ఇస్తే ఆందోళన ప్రవర్తన పెరిగింది. 5-హెచ్‌టీ2ను అడ్డుకుంటే ఆ పెరుగుదల ఆగిపోయింది.

రాఫే కేంద్రకాల (మెదడు కాండంలో సెరటోనిన్ న్యూరాన్లుండే గుంపుల) సంగతి వేరు. అక్కడ తక్కువ మోతాదు సీఆర్‌ఎఫ్ సెరటోనిన్ న్యూరాన్లు సంకేతాలు పంపే వేగాన్ని తగ్గిస్తుంది. సార్ అడిగితే చెప్పండి గానీ ఈ బొమ్మలో మాత్రం కలపొద్దు, మళ్లీ మొదటికొస్తుంది.