కొత్త ఫ్రేమ్‌వర్క్ సంగతి తరువాత, ముందు ఉల్లిగడ్డల పేజీ

ప్రశ్న: మేడమ్, మాది కర్నూలు. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో నేను చేసిన పనులు చూపించే పోర్ట్‌ఫోలియో సైట్‌ను ఒక రెడీమేడ్ టెంప్లేట్‌తో చేసి, సైట్లు పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం మారాలని చూస్తున్నాను. ఆ సైట్ ఫోన్‌లో చాలా నిదానంగా తెరుచుకుంటోంది. మొత్తం నెక్స్ట్ జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో తిరగరాయమంటారా? అందులో కాలేజీలో చేసిన లైబ్రరీ మేనేజ్‌మెంట్, టు-డూ లిస్ట్ ఉన్నాయి. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల రేట్లు రాసుకోవడానికి మా మామకు ఒక పేజీ చేసిచ్చాను, ఆయన రోజూ వాడతాడు. చిన్నదని దాన్ని పెట్టలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, పెట్టాల్సిందే అది! లైబ్రరీ మేనేజ్‌మెంట్ నాకొచ్చే రెజ్యూమేల్లో సగానికి పైగా ఉంటుంది. ఇంటర్వ్యూలో దాని గురించి నేనేమీ అడగను. మీ మామ పేజీ గురించైతే అరగంట అడుగుతాను. ఒకే రోజు ఒకే యార్డులో సరుకు సైజును బట్టి క్వింటాలు రేటు మారుతుంది కదా, దాన్ని డేటాలో ఎట్లా పెట్టినావు? సిగ్నల్ లేనప్పుడు రాసిన రేటు ఎక్కడ నిలుస్తుంది? రేటు కొట్టే చోట అంకెల కీప్యాడ్ వచ్చేటట్టు హెచ్‌టీఎంఎల్‌లో ఇన్‌పుట్‌మోడ్ అనే గుణం పెట్టినావా? ఆయన వాడుతుంటే నువ్వు మార్చినవేమిటి? వీటికి జవాబులు మామూలు మాటల్లో, రెండు మూడు స్క్రీన్‌షాట్లతో ఒక పేజీగా రాయి. సైట్‌లో మొదట కనిపించాల్సింది అదే.

నెక్స్ట్ జేఎస్ మంచిదే. కానీ నాలుగు పేజీలకు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ చాలు. నిదానానికి కారణం చాలాసార్లు టెంప్లేట్‌తో వచ్చిన స్లైడర్లు, యానిమేషన్ స్క్రిప్టులు, ఫోన్‌లో తీసి అట్లాగే ఎక్కించిన పెద్ద ఫోటో. క్రోమ్‌లోనే ఉండే లైట్‌హౌస్ అనే పరీక్ష నడిపితే ఏది బరువో చూపిస్తుంది. ఫోటోను కనిపించే సైజుకు తగ్గించి, ఫైలు చిన్నదయ్యే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చు, వెడల్పు, ఎత్తు కోడ్‌లోనే ఇవ్వు. లేకపోతే ఫోటో వచ్చేసరికి చదువుతున్న వరుస కిందికి జారిపోతుంది.

నీకు ఏది ఎంత వచ్చో చూపించే 'జావాస్క్రిప్ట్ 80%' లాంటి బార్లుంటే ఈరోజే తీసెయ్. దేనిలో 80 అని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు.

కాంటాక్ట్ ఫారం ఒకసారి నువ్వే నింపి చూడు. ఇట్లాంటి టెంప్లేట్లలో చాలావాటికి ఫారం వెనక సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ కోడ్ ఉంటుంది, గిట్‌హబ్ పేజెస్ దాన్ని నడపదు. ఎవరైనా పని ఇస్తామని రాసినా నీకు చేరదు. ఈమెయిల్ చిరునామా పెడితే సరిపోతుంది. పాత రెజ్యూమేల్లో ఇచ్చిన లింకులు మాత్రం తెగనివ్వొద్దు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. డెమోలో మామ అసలు లెక్కలు పెట్టొద్దు. ఎవరికి ఎంతకు అమ్మినాడో ఆయన సొంత విషయం. అదే తీరులో ఉత్తుత్తి లెక్కలు పెట్టి, అవి అసలువి కావని పేజీలోనే రాయి. అసలు లెక్కలు ఇదివరకే గిట్‌హబ్‌లో అందరికీ కనిపించే పబ్లిక్ రిపాజిటరీలోకి (కోడ్ దాచే చోటు) ఎక్కించి ఉంటే, ఫైలు తీసేసినా పాత కమిట్లలో, అంటే ఇదివరకు సేవ్ చేసిన మార్పుల్లో, కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి ఆ రిపాజిటరీని ప్రైవేట్ చేసి, డెమోకు కొత్తది తెరువు.