పాత ఎంఎక్స్-5 సస్పెన్షన్: కాయిలోవర్ల కంటే ముందు రబ్బరు సంగతి చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే నా కారు కొన్న కొత్తలో రోజులు గుర్తొచ్చాయి. నాదీ మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 యే, రెండు సీట్ల ఆ చిన్న స్పోర్ట్స్ కారు. గతుకుల్లో ముందు వైపు టకటకమనే చప్పుడు, స్పీడుగా మలుపు తీసుకుంటే వెనక భాగం ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగినట్టు అనిపించడం, మీరు రాసినవే అన్నీ. ట్రాక్ మీదకి తీసుకెళ్లను, రోజూ రోడ్డు మీదే నడుపుతాను, కాయిలోవర్లూ (ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాకు సెట్లు), పాలీ బుష్‌లూ (సస్పెన్షన్ కీళ్లలో రబ్బరు బుష్‌లకి బదులు వేసే గట్టి పాలీయురేథేన్‌వి) ఒకేసారి వేసేయమంటారా అని అడిగారు. వద్దంటాను. ముందు అరిగిపోయిన వాటిని కంపెనీ ఇచ్చిన తీరులోనే కొత్తవి వేసి నడపండి. చాలామంది ఈ కారు అసలు ఎలా నడుస్తుందో తెలియకుండానే దాన్ని మార్చేస్తున్నారు.

నేనూ అదే చేశాను. షాకులు (స్ప్రింగు ఊగడాన్ని అణిచే షాక్ అబ్జార్బర్లు) పాతవే ఉంచి, కారును కిందికి దించే గట్టి స్ప్రింగులు వేశాను. చూడ్డానికి బాగుంది. నాలుగో రోజు ఒక మలుపు మధ్యలో రోడ్డు అతుకు మీద చక్రం పడగానే వెనక భాగం జానెడు పక్కకి ఎగిరి పడింది. ఎదురుగా బండి లేదు కాబట్టి సరిపోయింది.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. ఈ కారు బరువు సుమారు 950 కిలోలు. ఇంత తేలిక బండిలో చక్రం, టైరు, బ్రేకు, హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) కలిసిన బరువు మొత్తంలో పెద్ద వాటానే. చక్రం పైకి ఎగిరినప్పుడు దాన్ని అణచిపట్టడానికి పైన బరువు తక్కువ. బరువైన కారులో మామూలుగా అనిపించే స్ప్రింగ్ ఇక్కడ బండరాయిలా ఉంటుంది. మామూలు రోడ్డు కార్లు సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేలా స్ప్రింగులు పెడతారు. రెండు దాటితే అది నున్నటి ట్రాక్‌కి పనికొచ్చేదే తప్ప గతుకుల రోడ్డుకి కాదు. పైగా ఎంఎక్స్-5 లో వెనక సస్పెన్షన్ కదలిక తక్కువ. కంపెనీ ఎత్తులోనే కాస్త పెద్ద గుంత వస్తే బంప్ స్టాప్‌ని (కదలిక చివర అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మని) తాకుతుంది. కారును ఇంకా దించితే ఆ ఉన్న కదలిక కూడా పోయి, సగం సమయం బంప్ స్టాప్ మీదే నడుస్తుంటుంది. నా కారు ఎగిరింది అందుకే. ఆ గట్టి స్ప్రింగుని అదుపు చేసే సత్తువ పాత షాకులకి లేకపోవడం ఇంకో కారణం.

ఇక మీ చప్పుడు. ఏదీ విప్పకముందు స్టెబిలైజర్ లింకుని (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కి కలిపే చిన్న ముక్కని) చేత్తో పట్టుకోండి, ఎవరినైనా ఆ మూల కారుని కిందికి నొక్కమనండి. లింక్ అరిగితే ఆ టక్ చేతికే తెలుస్తుంది. తర్వాత కారు స్టాండ్ల మీద పెట్టి టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ. బుష్‌లకి మాత్రం ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే చేయి లాంటి ఇనుప భాగం) పక్కన ఒక కమ్మీ పెట్టి మెల్లగా తిప్పుతూ టార్చ్ వేసి చూడాలి. బయట బాగానే కనిపించే రబ్బరు లోపలి ఇనుప గొట్టం నుంచి ఊడిపోయి ఉంటుంది. నా కారుకి 4 ఆర్ములు అలాగే ఉన్నాయి. వెనక భాగం ఆలస్యంగా తిరగడానికి అసలు కారణం అదే, షాకులు కావు.

బుష్‌ల విషయంలో ఒక్కటి మాత్రం బాగా గుర్తుంచుకోండి. రబ్బరు బుష్ బేరింగ్‌లా గుండ్రంగా తిరగదు. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ కదిలితే మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా పట్టేస్తుంది. చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బిగించారనుకోండి, కారు నేల మీదకి దించిన మరుక్షణం నుంచీ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది. మొదటిసారి నేను అలాగే బిగించాను. కారు కొంచెం ఎత్తుగా నిలబడితే కొత్త భాగాలు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాను. ఏడాది తిరక్కుండానే పై ఆర్ముల రబ్బరు పగిలింది. ఆర్ముల్ని మళ్లీ బుష్‌లు ఎక్కించే ప్రెస్ మెషీన్ దగ్గరికి మోసుకెళ్లాను.

రెండోసారి ఇలా చేశాను. విప్పకముందే కారు నేల మీద ఉండగా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకున్నాను. కొత్త బుష్‌లతో ఆర్ములు ఎక్కించాక, స్ప్రింగూ షాకూ ఇంకా పెట్టకముందే, కింద చిన్న జాకీతో హబ్‌ని ఆ కొలతకి లేపాను. స్ప్రింగ్ లేదు కాబట్టి తేలిగ్గా లేస్తుంది. అప్పుడు పై ఆర్మ్ బోల్టుకి మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం) ఇచ్చాను. షాక్ కింది బోల్టుని మాత్రం కారు చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. కింది ఆర్ముల లోపలి బోల్టులు ఎలాగూ అలైన్‌మెంట్ కోసం వదులు చేసి, కారు నిలబడి ఉండగానే బిగిస్తారు, వాటితో బెంగ లేదు.

ఆ కింది బోల్టులతోనే ఇంకో రకం తలనొప్పి ఉంది. అవి క్యామ్ బోల్టులు (తిప్పితే చక్రం కోణం మారేవి), 30 ఏళ్ల తుప్పుతో బుష్ గొట్టంలోనే బిగుసుకుపోతాయి. పని మొదలుపెట్టడానికి వారం ముందు నుంచీ రోజూ తుప్పు వదిలే నూనె కొట్టండి. కొత్త బోల్టులు ముందే తెచ్చి పెట్టుకోండి. నాకు 2 బోల్టులు కోస్తే గానీ రాలేదు.

పాలీ బుష్ గురించి అడిగారు. అది గ్రీజు పూసిన గొట్టం మీద తిరుగుతుంది కాబట్టి పైన చెప్పిన మెలి బాధ లేదు, ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు. కానీ గ్రీజు ఆరితే కిరకిరలాడుతుంది, రోడ్డు మీది ప్రతి చిన్న గరుకూ సీట్లోకి వస్తుంది. రోజూ నడిపే కారుకి నేను రబ్బరే వేస్తాను.

షాకులకి కంపెనీ స్ప్రింగులకి సరిపోయేలా చేసినవే తీసుకోండి. బంప్ స్టాపులూ, పై మౌంట్ రబ్బర్లూ అదే చేత్తో మార్చేయండి, మళ్లీ విప్పే పని ఉండదు. స్ప్రింగ్ కంప్రెసర్‌తో జాగ్రత్త. స్ప్రింగ్ పూర్తిగా నొక్కి, సీటు నుంచి వదులైందని చేత్తో తిప్పి చూశాకే పై నట్టు విప్పాలి. అరువు తెచ్చిన కంప్రెసర్‌లో మర అరిగి ఉంటే వాడకండి. ఈ పనిలో నిజంగా మనిషికి ప్రమాదం ఉన్నది ఇక్కడే.

చివర్లో అలైన్‌మెంట్ తప్పనిసరి. డ్రైవర్ సీట్లో మీ బరువంత మూటలు పెట్టించండి, ఇంత తేలిక కారులో ఒక మనిషి కూర్చుంటేనే ఎత్తు మారుతుంది. నేను క్యాంబర్ (చక్రం పై అంచు ఎంత వాలి ఉందో చెప్పే కోణం; మైనస్ అంటే లోపలికి) ముందు మైనస్ 1 డిగ్రీ దగ్గర, వెనక మైనస్ 1.5 దగ్గర పెట్టించాను. వెనక టో (చక్రాల ముందు అంచులు చూసే దిశ) కాస్త లోపలికే ఉండాలి. బయటికి ఉంటే తడి రోడ్డు మీద వెనక భాగం జారడం మొదలెడుతుంది. టైర్లలో గాలి కూడా చూసుకోండి. ఈ కారుకి కంపెనీ చెప్పింది 26 పీఎస్ఐ, చాలాచోట్ల అలవాటుగా 32 కొట్టేస్తారు. నా కారులో ఆ గట్టిదనంలో సగం, గాలి తగ్గించగానే పోయింది.

ముందు ఆ లింకులు పట్టుకుని చూసి, చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో రాయండి. బుష్‌ల దాకా వెళ్లాల్సి వస్తే ఏ వరుసలో విప్పాలో చెప్తాను.