కాన్సాస్‌లో సీఆర్‌పీ కింద ఉన్న పొలం హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు కొనవచ్చా?

హెచ్‌1బీ వీసా మీద ఉన్న మీరు, అమ్మకానికి వచ్చిన పొలం సీఆర్‌పీలో (కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, సాగు మానిపించి నేలను గడ్డి కింద ఉంచే అమెరికా ప్రభుత్వ పథకం) ఉందని, పంట వేయకపోయినా ప్రభుత్వం ఏటా డబ్బిస్తుందని బ్రోకర్ చెప్పాడన్నారు. కాన్సాస్‌లోనే డాడ్జ్ సిటీ వైపు అలాంటి పొలం మేమూ కొన్నాం, నడుస్తున్న కాంట్రాక్టుతో సహా. కొనడం సంగతి తర్వాత, ఆ డబ్బుకు మీరు అర్హులో కాదో ముందు తేల్చుకోండి.

ఈ చెల్లింపుల వరకు, పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివాళ్లు విదేశీయుల కిందే లెక్క. అలాంటివాళ్లకు డబ్బు రావాలంటే భూమి, పెట్టుబడితో పాటు సొంత శ్రమ కూడా చెప్పుకోదగినంత పెడుతున్నట్టు చూపించాలి. డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటూ అది చూపించడం చాలా కష్టం. అందుకే మేం గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగాం. పైగా, విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోగా వ్యవసాయ శాఖకు తెలియజేయాలని 1978 నాటి చట్టం ఉంది.

మన రైతుబంధు పట్టా ఉంటే వచ్చేది. ఇది అలా కాదు. 1985 చట్టంతో మొదలైన ఈ పథకంలో ప్రభుత్వం మీ నేలను 10 నుంచి 15 ఏళ్లకు కౌలుకు తీసుకున్నట్టే. నేల రకాన్ని, ఆ కౌంటీలో నడుస్తున్న కౌలు ధరలను బట్టి ఎకరానికి ఇంత అని కాంట్రాక్టులోనే ఉంటుంది. ఏడాదికోసారి, అక్టోబరు మొదలయ్యాక ఖాతాలో పడుతుంది. ఒక మనిషికి ఏడాదికి 50,000 డాలర్లు దాటదు.

ఆ కౌలుకు బదులుగా మీరు చేయాల్సిన పని ఉంటుంది, బ్రోకర్లు చెప్పనిది ఇదే. గడ్డి మొలిచింది కదా అని వదిలేస్తే కుదరదు. కలుపు ముదరకుండా చూడాలి, అక్కడక్కడా లేచే సీడార్ మొక్కలు పీకించాలి. కాంట్రాక్టు మధ్యలో గడ్డిని కాల్చడమో, కొత్త విత్తనం చల్లడమో చేయమంటారు. ఏప్రిల్ 15 నుంచి జూలై 15 వరకు అక్కడ పక్షులు గూళ్లు పెట్టే కాలం, అనుమతి లేకుండా గడ్డి కోయకూడదు. ఈ నిబంధనలు నాకు భారంగా అనిపించవు. 1930లలో దుమ్ము తుపానులకు పైమన్ను కొట్టుకుపోయిన ప్రాంతం అది. ఇప్పటికీ వసంతంలో గాలి లేస్తే కొత్తగా దున్నిన చేల మీద దుమ్ము పైకి లేస్తుంది, గడ్డి ఉన్నచోట మన్ను కదలదు. ఆ నేలకు గడ్డే సరైన పంట అని నా గట్టి నమ్మకం.

అయితే ఊళ్లో అందరూ అలా అనుకోరు. పొలాలు గడ్డికి పోతే విత్తనాల కొట్లకూ ధాన్యం కొని నిల్వచేసే ఎలివేటర్లకూ బేరం తగ్గుతుంది. కౌంటీ సాగుభూమిలో మామూలుగా 25 శాతానికి మించి ఈ పథకంలోకి తీసుకోకూడదన్న పరిమితి అందుకే. వాళ్ల బాధ న్యాయమైనదే.

మధ్యలో మానేస్తే అప్పటిదాకా తీసుకున్నదంతా వడ్డీతో సహా కట్టాలి, జరిమానా అదనం. కొన్నవాళ్లు కాంట్రాక్టు తమ పేరుకు మార్చుకోకపోతే ఆ భారం అమ్మినవాళ్ల మీద పడుతుంది. కాబట్టి మార్చుకునే షరతు అమ్మకం అగ్రిమెంటులోనే రాయించమంటారు. మేమూ రాసిచ్చాం.

గడువు ఏ సంవత్సరంతో ముగుస్తుందో తప్పకుండా చూడండి. తర్వాత మళ్లీ చేర్చుకుంటారన్న హామీ లేదు, సాధారణ సైనప్‌లో, అంటే దరఖాస్తులు తీసుకునే విడతలో, మార్కులు వేసి ఎంచుతారు. రెండేళ్లే మిగిలి ఉంటే ఆ రెండేళ్ల కౌలే లెక్కేసుకుని ధర మాట్లాడండి. అడ్వాన్సు ఇచ్చేముందు, అమ్మేవారిని వెంటబెట్టుకుని ఈ పథకాన్ని నడిపే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి ఆ కౌంటీలో ఉన్న ఆఫీసుకు వెళ్లి, కాంట్రాక్టూ పొలం మ్యాపూ ముందు పెట్టించుకుని మాట్లాడండి.